దువ్వూరు, జమ్మలమడుగు సీమ నేతలో నూలు కథ

కడప జిల్లాలోని దువ్వూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో పరచుకొన్న రెగడి నేల, అంటే తేమను చాలాకాలం పట్టి ఉంచే నల్లమట్టి, పత్తికి అనువైనది కావడంతో, ఒకప్పుడు ఇక్కడి జనం కట్టే బట్టకు కావలసిన సరుకులో చాలా భాగం ఆ చుట్టుపక్కలే దొరికేది. గింజ తీసిన దూదిని వింటినారితో చెదరగొట్టి మెత్తబరచడం, అంటే ఏకడం, దూదేకుల వృత్తి. అలా ఏకిన దూదిని రాట్నం మీద నూలుగా వడకడం ఎక్కువగా ఆడవాళ్ల పని. ఆ నూలును పడుగుగా, అంటే నిలువు దారాలుగా, పేకగా, అంటే అడ్డదారాలుగా అమర్చి నేసేవారిలో తొగటలు ముఖ్యులు. వీరు కడప జిల్లాలో అధికంగా ఉన్నారనీ, పేదలు కట్టే ముతక బట్టలు నేస్తారనీ కులాల వివరాలు సేకరించిన ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో నమోదు చేశాడు. నీలిరంగు కూడా ఈ జిల్లాలోనే తయారయ్యేది. నీలి మొక్క ఆకును తొట్లలో నానబెట్టి, ఆ నీటిని చిలికి, అడుగున దిగిన మడ్డిని బిళ్లలుగా ఆరబెట్టేవారు. 1897లో జర్మనీ నుంచి కృత్రిమ నీలి అంగడికి రావడంతో నీలి సాగు క్రమంగా కుంగిపోయింది.

అన్నీ దగ్గరలోనే దొరికినంత మాత్రాన అందరికీ న్యాయం జరిగిందనుకోవడం పొరపాటు. నేతగాడి మగ్గం మీద మొహతర్ఫా అనే వృత్తిపన్ను ఉండేది. అంతకన్నా బరువైనది బయానా, అంటే బట్ట నేయకముందే వర్తకుడిచ్చే సొమ్ము, ఎందుకంటే అది తీరేదాకా బట్టను మరొకరికి అమ్ముకొనే వీలుండదు. 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించిన, కడప కూడా చేరిన దత్తమండలాలకు 1807 దాకా ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో, తాను అంతకుముందు పనిచేసిన సేలం ప్రాంతపు బారామహల్‌లో కంపెనీ ఉద్యోగులు నేత పెద్దలను ఒకచోట చేర్చి, కంపెనీకే సరుకిస్తామని ఒప్పుకొనే వరకు కాపలా పెట్టారని 1813లో బ్రిటిష్ పార్లమెంటుకు సాక్ష్యమిచ్చాడు. పాలకుడే చెప్పిన మాట కాబట్టి దీనికి విలువ ఎక్కువ.

తరువాతి దెబ్బ బట్ట కన్నా ముందు నూలుకు తగిలింది. మిల్లు నూలు చౌకగా రావడం, 1871 నాటికి మద్రాసు, బొంబాయిల మధ్య రైలుమార్గం కడప, ముద్దనూరుల మీదుగా పూర్తికావడం, ఈ రెండూ కలిసి రాట్నాన్ని మూలకు నెట్టాయి. పత్తి చేల మధ్యనే ఉన్న మగ్గం దూరపు మిల్లు చిలపల కోసం, అంటే నూలు కట్టల కోసం, షావుకారు మీద ఆధారపడవలసి వచ్చింది. చేతి వడుకును నిలబెట్టడానికి 1925లో ఏర్పడిన అఖిల భారత చరఖా సంఘం, గాంధీ పట్టుదలతో 1935లో వడికేవారికి కనీస కూలి నిర్ణయించడం పత్తి నుంచి బట్ట దాకా సాగే ఈ గొలుసులో అట్టడుగున ఉన్నవారిని లెక్కలోకి తెచ్చిన అరుదైన సందర్భం. 2000 దశకంలో హైదరాబాదు కేంద్రంగా మొదలైన మల్ఖా ప్రయత్నం దూరపు మిల్లు మీద ఆధారపడే సమస్యను యంత్రం వైపు నుంచి ఎదుర్కొంది: దూర రవాణా కోసం దూదిని గట్టి బేళ్లుగా నొక్కే పద్ధతిని విడిచి, పత్తి పండే చోటనే చిన్న యంత్రాలతో నూలు తీసి, దానిని చేమగ్గాలకు అందించింది.