కుట్టు దారానికి మందు పట్టిన కథ



పోయిన వానాకాలం మా హాస్టల్ తమ్ముడొకడికి అపెండిక్స్ ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చిన నాలుగో రోజుకే కుట్ల చుట్టూ ఎర్రబడి చీము పట్టింది. "మాత్రలు వేసుకుంటూనే ఉన్నా కదన్నా, ఎందుకిలా?" అన్నాడు. సెమిస్టర్ పరీక్షలు పోయాయి. అప్పుడు మా దగ్గర జవాబు లేదు. తర్వాత చదివి తెలుసుకున్నదే ఇది.

ఒంటికి దారం పరాయి వస్తువు. క్రిములు దాన్ని అంటుకుని పొరలా పేరుకుంటాయి. అల్లిన దారమైతే పోగుల సందుల్లో దాక్కుంటాయి. మాత్ర మందు రక్తంలో తిరుగుతున్నా అక్కడ సరిగా పనిచేయదు. అందుకే దారానికే మందు పట్టిస్తే పోదా అన్న ఆలోచన.

ఈ ఆలోచన పాతదే. 1865లో గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ అనే సర్జన్, బండి చక్రం కింద పడి కాలు విరిగిన పదకొండేళ్ల పిల్లాడి గాయానికి కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డ కట్టాడు. ఆ రోజుల్లో అలాంటి కాలు తీసేయడమే. వాడి కాలు నిలిచింది. తర్వాత లిస్టర్ గొర్రె పేగుతో చేసే క్యాట్‌గట్ దారాన్ని కూడా ఆ మందులో నానబెట్టాడు.

ఇందులో మన గోదావరి మనిషి కూడా ఉన్నాడు. సఖినేటిపల్లి రేవు దాటి నర్సాపురం మీదుగా వెళ్తే భీమవరం. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో పుట్టింది అక్కడే. మెట్రిక్ మూడోసారికి పాసయ్యారు (ఇది విని మా రూములో ఇద్దరికి ధైర్యం వచ్చింది). మద్రాసులో డాక్టరీ చదువుతూ ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపమొచ్చి, పూర్తి డిగ్రీ దక్కలేదు. అమెరికాలో లెడర్లే సంస్థకి పరిశోధన డైరెక్టర్ అయ్యారు. ఆయన విభాగంలోనే డుగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. ఆ మందు లోకానికి తెలిసింది 1948లో. సుబ్బారావు గారు పోయిందీ ఆ ఏడాదే.

అప్పట్లో లెడర్లే యజమాని అమెరికన్ సైనమిడ్. డేవిస్ అండ్ గెక్ అనే కుట్టు దారాల కంపెనీ కూడా వాళ్లదే. ఒంట్లో కరిగిపోయే కృత్రిమ దారం డెక్సాన్ 1970లో అక్కడినుంచే వచ్చింది. మందు, దారం ఒకే యజమాని చేతిలో ఉన్నా, రెండూ కలవడానికి చాలా ఏళ్లు పట్టింది. ట్రైక్లోసాన్ పూసిన విక్రిల్ ప్లస్ దారానికి 2002లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది ఇంకో కంపెనీది. ట్రైక్లోసాన్ యాంటీబయాటిక్ కాదు, క్రిమినాశిని. కుట్టు వేసినచోట దారం నుంచి కొంచెం కొంచెంగా దిగుతూ క్రిములను పెరగనివ్వదు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆపరేషన్లకు ఇలాంటి దారం వాడమని సూచించింది. శుభ్రతకు ఇది బదులు కాదు, మామూలు దారం కంటే ధర కూడా ఎక్కువే.

తమ్ముడి డిశ్చార్జ్ కాగితం మళ్లీ తీసి చూశాం. మాత్రల పేర్లన్నీ ఉన్నాయి, ఏ దారం వేశారో లేదు. ఏజెన్సీ ఆసుపత్రుల్లో నర్సులుగా చేస్తున్న అక్కలూ, మీ ఆపరేషన్ థియేటర్‌కి ఏ దారం వస్తోందో కాస్త చూసి చెప్పండి.