వెలుతురు లెక్కలో వెలివాడ ఎక్కడ?

ఏ నగరం పెరిగింది, ఏది వెనకబడింది? ఇది తేల్చడానికి పరిశోధకులు ఉపగ్రహాలు తీసిన రాత్రి చిత్రాలు చూస్తున్నారు. ప్రతి చోటుకీ అక్షాంశ రేఖాంశాలు, పక్కన వెలుతురు అంకె. వెలుతురు ఎక్కువుంటే అభివృద్ధి ఎక్కువన్నమాట. ఈ లెక్కని మేం కొట్టిపారెయ్యడం లేదు. నగరాల మధ్య తేడాల్ని అది బయటపెడుతుంది. కానీ ఎవరి అభివృద్ధి అని అడక్కుండా మనం ముందుకు పోలేం.

1992 నుంచి దొరికే అమెరికా సైనిక ఉపగ్రహాల చిత్రాల్లో వెలుతురుని 0 నుంచి 63 దాకా కొలిచారు. మహానగరం నడిబొడ్డున అంతా 63కి చేరి ఆగిపోతుంది. ఒక్కో గడి సుమారు కిలోమీటరు. అందులో అద్దాల మేడ ఉంటుంది, దాని వెనకాల మురికికాలవ గట్టున మన బస్తీ ఉంటుంది. రెండింటికీ ఒకటే అంకె! 2012 నుంచి వస్తున్న కొత్త చిత్రాల్లో గడి అర కిలోమీటరుకి తగ్గింది. అయినా వీధికీ వాడకీ మధ్య కులం గీసిన గీత అందులో కనబడదు.

చోటుని బట్టి వివక్షని పట్టుకోవడం కొత్త పనేం కాదు. 1896-97లో నల్లజాతి పండితుడు డుబోయిస్ ఫిలడెల్ఫియా ఏడో వార్డులో ఇల్లిల్లూ తిరిగి, ఇళ్లని పటం మీద గుర్తించాడు. అక్కడి పేదరికానికి కారణం జాతి లోపం కాదు, బానిసత్వమూ వివక్షా అని 1899లో అచ్చయిన పుస్తకంలో చూపించాడు. 1946లో అంబేద్కర్ ఉత్తరం రాసింది ఈయనకే. అదే దేశంలో 1930లలో ఒక ప్రభుత్వ సంస్థ కూడా నగరాల పటాలు గీసింది. నల్లవాళ్లుండే పేటల్ని దాదాపు అన్నిటినీ ఎర్రరంగులో ముంచి, అప్పివ్వడానికి ప్రమాదకరమైన చోట్లని ముద్రేసింది. కాబట్టి పటం ఎవరి చేతిలో ఉందన్నదే అసలు సంగతి.

మన జనగణనలో అన్ని కులాల అంకెలూ 1931తోనే ఆగాయి. షెడ్యూల్డ్ కులాల లెక్క ఉన్నా, 2011లో పట్టణాల్లో అది వార్డు దాకానే అచ్చయింది. వార్డులో మనం ఏ మూలకి నెట్టబడ్డామో అది చెప్పదు. 2027 జనగణనలో కులాల్ని లెక్కిస్తామని 2025లో కేంద్రం ప్రకటించింది. ఆ అంకెలు వీధుల వారీగా రావాలని అడుగుదాం.

అందాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. ఫోనున్న ప్రతి విద్యార్థీ తన వాడలో కొళాయి ఎక్కడుందో, మురుగు ఎక్కడ ఆగుతోందో, బడి ఎంత దూరమో, శ్మశానం ఉందో లేదో గుర్తించవచ్చు. అయితే ఆ ఎర్రరంగు పటాల్ని మరవొద్దు. మనం గుర్తించాల్సింది మనవాళ్ల ఇళ్లని కాదు, మనవాళ్లకి దక్కనివాటిని.