నీళ్లల్ల మునిగిన రాయి ఏం చెప్తది? | కందకుర్తి నుంచి హుస్సేన్ సాగర్ దాకా

ఇవాళ కెమెరా కందకుర్తిలో పెట్టిన. గోదావరి తెలంగాణలోకి అడుగుపెట్టేది ఇక్కడే. మంజీర, హరిద్ర వచ్చి కలిసేదీ ఇక్కడే. నా వెనక కనబడుతున్నది పాత రాతి శివాలయం. గంగ నిండుగా వస్తే ఇది మునుగుతది. నీళ్లు తగ్గితే మళ్లీ బయటికొస్తది. రాయి మాత్రం అట్లనే ఉంటది.

ఈ గుడిని చూసినప్పుడల్లా నాకు నీళ్లల్ల మునిగిన ఇంకో రాయి యాదికొస్తది. హుస్సేన్ సాగర్ బుద్ధుడు.

ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1985లో ఆ పని మొదలైంది. భువనగిరి దగ్గర రాయగిరిలో దొరికిన ఒకే గ్రానైట్ బండను గణపతి స్థపతి ఆధ్వర్యంలో శిల్పులు చెక్కిన్రు. ఎత్తు 58 అడుగులు. బరువు 300 టన్నులకు పైనే. 1990 మార్చి 10న సాగర్ నడుమకు తీసుకపోతుంటే బుద్ధుడు నీళ్లల్లకు జారిపోయిండు. పనివాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నరు. మళ్లీ పైకి తీసి నిలబెట్టింది 1992 డిసెంబర్ 1న. రెండున్నరేళ్లకు పైగా నీళ్లల్ల ఉన్నా విగ్రహం పగల్లేదు.

ఎందుకు పగల్లేదు? గ్రానైట్‌లో గింజలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకొని ఉంటయి. నీళ్లు లోపలికి పోవుడు చాలా తక్కువ. పైనుంచి ఎంత బరువు పడ్డా మోస్తది. కానీ చాపిన చెయ్యి లెక్క గాల్లో వేలాడాలంటే దానితోని కాదు, విరుగుతది. ఇప్పుడు బుద్ధుడి కుడి చెయ్యి చూడండి. అభయ ముద్రలో పైకి లేచి ఉంది, కానీ ఒంటికి దగ్గరగానే ఉంది. అంటే ఆ నిలకడ బుద్ధుడిది ఎంతో, రాయిది కూడా అంతే. మేం కోడ్‌లో తప్పు చేస్తే వెనక్కి తిప్పుకుంటం. ఉలి దెబ్బ ఒకటి ఎక్కువ పడితే శిల్పికి ఆ అవకాశం లేదు.

రాయి ఇంకో పని కూడా చేస్తది. దెబ్బను దాచిపెడ్తది. దానికోసం అసెంబ్లీ ఎదురుగా ఉన్న గన్ పార్కుకు పోదాం. 1969 ఉద్యమంలో చనిపోయినోళ్ల కోసం శిల్పి ఎక్కా యాదగిరి రావు చేసిన స్థూపం అది. 1970లో శంకుస్థాపన చేసిన్రు. అందులో మనిషి బొమ్మ ఒక్కటి కూడా లేదు. కింద రాతి మీద తూటాలు తగిలిన గుర్తులుగా చిన్న చిన్న రంధ్రాలు ఉంటయి. పైన తొమ్మిది రేకుల తెల్లని పువ్వు. అప్పుడు తెలంగాణల ఉన్నవి తొమ్మిది జిల్లాలు. అందులో ఒకటి మన నిజామాబాద్. ఎవరి మొహమూ లేకపోబట్టే అది అందరిదీ అయింది.

2023లో సాగర్ ఒడ్డున ఇంకో అమరుల స్మారకం వచ్చింది. దీపం ఆకారం, స్టెయిన్‌లెస్ స్టీలు. శిల్పి ఎం.వి. రమణారెడ్డి. స్టీలు మీద తూటా గుర్తు కోసం వెతకొద్దు. అది అద్దం లెక్క మెరుస్తది. ఆకాశం, రోడ్డు, ముందు నిలబడ్డ మనం అందులో కనబడతం. రాయి గాయాన్ని చూపిస్తది. స్టీలు చూసేటోళ్లను చూపిస్తది. రెండిట్ల ఏది గొప్పదని నేను అడగను. ఏది ఏం చేస్తుందో చూడమంటున్న.

ఇదంతా ఎందుకు చెప్తున్ననంటే, విగ్రహం అనంగనే మనం రెండే అడుగుతం: ఎవరిది, ఎన్ని అడుగులు? మన ఊర్లల్ల సిమెంటుతో చేసి బంగారు రంగు ఏస్తం, జయంతికో దండ, వర్ధంతికో దండ. సిమెంటు తక్కువదని కాదు. దాన్ని సిమెంటులాగ ఉండనియ్యకుండా ఇత్తడి వేషం ఎందుకు ఏస్తున్నమన్నదే నా బాధ. ఊర్లె కొత్త విగ్రహం అనుకున్నప్పుడు ఇంకో రెండు ప్రశ్నలు అడగండి: దేనితో చేస్తున్నరు, ఎందుకు దానితోనే?

ఈసారి లుంబినీ పార్కుల పడవెక్కి బుద్ధుడి దగ్గరికి పోతే, సెల్ఫీ దిగే ముందు ఆ చెయ్యి చూడండి. 1990 మార్చిలో అదే నీళ్లల్ల పోయిన పనివాళ్లను కూడా ఒకసారి తలుచుకోండి. ఆ రాయి అక్కడ నిలబడటానికి కట్టిన ధరలో వాళ్లు కూడా ఉన్నరు.

మీ ఊరి చౌరస్తాలో ఉన్న విగ్రహం దేనితో చేసిందో కనుక్కొని నాకు చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.