నమూనా రైల్వేలలో దుకాణ భవనాలు

నమూనా రైలుమార్గం పక్కన నిలబెట్టడానికి అట్ట, కర్ర, ప్లాస్టిక్, ప్లాస్టర్ వంటి వాటితో కొలత ప్రకారం చేసే కిరాణా కొట్లు, మందుల షాపులు, మాంసం దుకాణాలు, రొట్టెల అంగళ్లు, మంగలి షాపులు ఈ వ్యాస విషయం. ఐరోపా, ఉత్తర అమెరికా, జపాన్‌లలో ఇది లక్షల మంది చేపట్టిన అభిరుచిలో ఒక ప్రత్యేక శాఖ. రైలు బొమ్మలు 19వ శతాబ్దం నుంచే ఉన్నా, వాటి పక్కన నమ్మదగిన బజారు వీధి వెలిసింది మాత్రం 20వ శతాబ్దం నడిమి కాలంలోనే. ఆ బజారు రావడంతోనే ఆట చరిత్ర చిత్రణగా మారింది. ఒక ఆవిరి ఇంజను ముప్పై నలభై ఏళ్లు అదే రూపంలో నడుస్తుంది కాబట్టి దాన్ని చూసి కాలం చెప్పలేం. కొట్టు మీది బోర్డు, అద్దాల వెనక సరుకు, గోడ మీది సబ్బు ప్రకటన అలా కాదు. అవి ఏ ఊరో, ఏ దశాబ్దమో పట్టి ఇచ్చేస్తాయి.

కొలతలు

అమెరికాలోనూ ఐరోపా ఖండంలోనూ ఎక్కువగా వాడే హెచ్.ఓ. కొలత అసలులో 87వ వంతు. బ్రిటన్‌లో ప్రబలిన డబుల్ ఓ 76వ వంతు. బ్రిటిష్ ఇంజన్లు సన్నగా ఉండటంతో హెచ్.ఓ. కొలతలో చేస్తే అప్పటి మోటార్లు లోపల పట్టలేదు. అందుకని పట్టాలు అవే ఉంచి, ఇంజను కొలతను అడుగుకు 4 మిల్లీమీటర్లకు పెంచారు. పట్టాల ఖచ్చితత్వం కోరే వాళ్లకు ఈ రాజీ ఎప్పుడూ ఇబ్బందే గానీ, ఇళ్లు కట్టేవారికి మాత్రం వరమైంది. 9 అంగుళాల ఇటుక సరిగ్గా 3 మిల్లీమీటర్లు, గారతో కలిపి 3 అంగుళాల వరస సరిగ్గా ఒక మిల్లీమీటరు. పన్నెండడుగుల కొట్టు ముఖం 48 మిల్లీమీటర్లు. ఇవి కాక 160వ వంతు ఎన్ కొలత, జపాన్‌లో దానికే 150వ వంతు రూపం, అమెరికాలో 48వ వంతు ఓ కొలత వాడుకలో ఉన్నాయి.

కొలత ఎంత చిన్నదైనా చోటు చాలదు. 30 మీటర్ల లోతున్న దుకాణాన్ని హెచ్.ఓ.లో ఉన్నదున్నట్టు కడితే అదొక్కటే 34 సెంటీమీటర్లు తినేస్తుంది. దీనికి రెండు ఉపాయాలు స్థిరపడ్డాయి. ఒకటి, నాలుగు కిటికీలున్న చోట మూడు పెట్టి, గుర్తుపట్టే లక్షణాలు పోకుండా భవనాన్ని కుదించడం. రెండోది, వెనక గోడకు ఆనించి ముఖభాగాన్నీ రెండు మూడు సెంటీమీటర్ల లోతునూ మాత్రమే కట్టడం. బ్రిటిష్ ఇళ్లలోని ఇరుకు లేఅవుట్లకు, అంటే పట్టాలూ ఊళ్లూ అమర్చిన నమూనా రైలుమార్గాలకు, ఈ రెండోది ప్రాణం పోసింది.

బొమ్మల కాలం

జర్మనీలోని గోపింగెన్‌కు చెందిన మార్క్‌లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతలో ప్రామాణిక వెడల్పు పట్టాలతో కీ రైలును ప్రదర్శించింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో రంగులద్దిన రేకు స్టేషన్లు, సిగ్నళ్లు, వంతెనలు విరివిగా వచ్చాయి. దుకాణాలు మాత్రం దాదాపు లేవు. అవి వేరే దారిలో పెరిగాయి. వేలాడే మాంసపు తునకలతో, తలుపు దగ్గర నిలబడ్డ యజమానితో కర్రతో చేసిన మాంసం కొట్టు బొమ్మలు విక్టోరియా కాలపు ఇంగ్లండ్‌లో బాగా అమ్ముడయ్యేవి. వాటి కొలతకూ రైళ్ల కొలతకూ పొంతన లేదు.

అమెరికాలో పేరుపడిన లయొనెల్ రైలుబొమ్మ అయితే దుకాణం అద్దాల వెనకే పుట్టింది. జాషువా లయొనెల్ కోవెన్ 1901లో చేసిన తొలి విద్యుత్ బండి పిల్లల కోసం కాదు, న్యూయార్క్ దుకాణాల ప్రదర్శన కిటికీల్లో సరుకు తిప్పుతూ చూపేందుకు. జనం సరుకు మానేసి ఆ బండినే కొంటామన్నారు. లయొనెల్ సంస్థ తర్వాత లోపల దీపం వెలిగే రేకు బంగళాలు కూడా అమ్మింది. అవి కొనుక్కునే కుటుంబాలు కలగనే ఇళ్లు. వాళ్లు రోజూ వెళ్లే కొట్లు కావు.

జర్మనీలోని బింగ్ సంస్థ 1922లో తెచ్చిన బల్లమీది రైలు వల్ల రైలు గది నేల నుంచి బల్లపైకి చేరింది. చూసేవారి కన్ను భవనాల ఎత్తుకు వచ్చింది. ఇంగ్లండ్‌లోని బీకన్స్‌ఫీల్డ్‌లో 1929లో తెరిచిన బెకాన్‌స్కాట్ బుల్లి గ్రామం మరో మలుపు. అక్కడ కొలత 12వ వంతు, తోటలో నడిచే రైలు, వీధి పొడుగునా చమత్కారపు పేర్లతో దుకాణాలు. రైలు ఊరికి వెళుతుంది, ఊరంటే బజారు అనే ఊహను లక్షలాది సందర్శకుల కళ్లముందు పెట్టింది ఈ తోటే.

మ్యాడర్ లోయ, పెండన్

ఊరును రైలుతో సమానంగా చూసిన తొలి ప్రసిద్ధ లేఅవుట్ జాన్ అహెర్న్ 1930లలో మొదలుపెట్టిన మ్యాడర్ వ్యాలీ రైల్వే. మ్యాడర్‌పోర్ట్, మచ్ మ్యాడర్, గామన్ మాగ్నా అనే ఊళ్లన్నీ కల్పితాలే అయినా, భవనాలకు చాలావరకు నిజమైన ఆధారాలున్నాయి. ముఖ్యంగా అట్టతో కట్టి, వంకర తిరిగిన కప్పులు, రంగు వెలిసిన గోడలతో వాటిలో మనుషులు ఉంటున్నట్టు చూపించాడు. బుల్లి భవనాలు కట్టడం గురించి ఆయన రాసిన పుస్తకం యుద్ధానంతర బ్రిటన్‌లో ఒక తరానికి పాఠ్యగ్రంథమైంది. సామగ్రి దొరకని రోజుల్లో అట్ట, జిగురు, బ్లేడు ఉంటే చాలునని అది నేర్పింది. ఆయన మరణానంతరం ఆ లేఅవుట్ ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో లాంగ్ విటెన్‌హామ్ గ్రామంలోని పెండన్ మ్యూజియానికి చేరి, ఇప్పటికీ అక్కడే ఉంది.

పెండన్ స్థాపకుడు రాయ్ ఇంగ్లండ్ ఆస్ట్రేలియా నుంచి 1925లో ఇంగ్లండ్ వచ్చాడు. వేల్ ఆఫ్ వైట్ హార్స్ ప్రాంతపు గడ్డికప్పు ఇళ్లు ఒక్కొక్కటే రూపు కోల్పోవడం చూసి తట్టుకోలేక, అవి పూర్తిగా పోకముందే కొలతల్లో బంధించాలనుకున్నాడు. మ్యూజియం 1954లో మొదలైంది. చిత్రించేది 1930ల పల్లెసీమను. అక్కడి పద్ధతి దగ్గర నుంచి చూడదగ్గది. ముందు అసలు భవనం దగ్గరకు వెళ్లి కొలతలు, ఫొటోలు తీస్తారు, ఇటుక వరసలు లెక్కపెడతారు. తర్వాత అట్ట మీద ఒక్కొక్క ఇటుకను గీసి, నీటి రంగులతో విడివిడిగా రంగు వేస్తారు. పక్కపక్క ఇటుకలు ఒకే ఎరుపులో ఉండవు. గడ్డికప్పుకు కొళాయి పనివాళ్లు వాడే జనపనార. ఒక ఇంటికి నెలలు, కొన్నిటికి ఏళ్లు పట్టాయి. విడిభాగాలుగా అమ్మే వ్యాపార కిట్ల తయారీదారులు ఈ స్థాయిని అందుకోలేరు, అందుకోవాల్సిన అవసరం కూడా లేదు. కానీ బుల్లి కట్టడం ఒక పోయిన ఊరికి సాక్ష్యంగా నిలవగలదని రుజువు చేసింది పెండనే.

అమెరికా: పాతబడిన గోడలు

మోడల్ రైల్‌రోడర్ పత్రిక 1934లో, నమూనా రైల్వేల జాతీయ సంఘం 1935లో, రెండూ మిల్వాకీ నగరంలోనే మొదలయ్యాయి. పత్రిక కొలతల చిత్రాలు అచ్చువేసింది, సంఘం ప్రమాణాలు నిర్ణయించింది. శైలి ఇచ్చింది కాలిఫోర్నియాలోని మాంటెరేలో ఉన్న ఫొటోగ్రాఫర్ జాన్ ఆలెన్. ఆయన గోర్ అండ్ డెఫిటెడ్ లేఅవుట్‌లో ఇంజన్లకు మసి, కప్పులకు తుప్పు, గోడలకు వానచారలు ఉంటాయి. అప్పటిదాకా కొత్తగా తళతళలాడటమే నైపుణ్యమనుకున్న వారికి ఇది కొత్త చూపు. 1973 జనవరిలో ఆయన మరణించిన కొద్ది రోజులకే ఆ లేఅవుట్ అగ్నిప్రమాదంలో బూడిదైంది. మిగిలినవి చాలావరకు ఆయన తీసిన ఫొటోలే, వాటి ప్రభావం మాత్రం తగ్గలేదు.

ఆ చూపును దుకాణాల వీధికి పూర్తిగా అన్వయించినవాడు జార్జ్ సెలియోస్. మసాచుసెట్స్ రాష్ట్రం పీబడీలో 1967లో ఫైన్ స్కేల్ మినియేచర్స్ సంస్థ పెట్టి, కర్రముక్కలు, లోహపు పోతలు, కాగితపు బోర్డులతో చేయితిరిగినవారి కోసం పరిమిత సంఖ్యలో కిట్లు విడుదల చేశాడు. 1985లో మొదలుపెట్టిన ఆయన ఫ్రాంక్లిన్ అండ్ సౌత్ మాంచెస్టర్ లేఅవుట్ ఆర్థిక మాంద్యం నాటి న్యూ ఇంగ్లండ్‌ది. పెచ్చులూడిన ఇటుక గోడలు, ఒకదానిపై ఒకటి అతికించిన ప్రకటనలు, కింద కొట్టు, పైన అద్దె గదులు, వెనక ఆరేసిన బట్టలు. ఇంత మురికి ఉండేదా అని ఆక్షేపించినవారున్నారు. మాంద్యపు నగరాన్ని కడిగిన ముత్యంలా చూపడం కంటే ఇదే నిజాయితీ.

గోడమీది బోర్డు చేసే విధానం ఈ శైలికి గుర్తు. కాగితంపై అచ్చువేసిన ప్రకటన వెనకవైపును ఉప్పుకాగితంతో పొరలా పలచబడేదాకా రుద్దుతారు. పలచటి జిగురు నీళ్లు పూసిన ఇటుక గోడపై పరిచి, మెత్తటి కుంచెతో గాడుల్లోకి నొక్కుతారు. ఆరాక ఇటుక వరసలు అక్షరాల గుండా కనిపిస్తాయి. ఆపైన స్పిరిట్‌లో కలిపిన రెండు చుక్కల ఇండియా ఇంకు పూసి, సుద్దపొడి అద్దితే, ఆ ప్రకటన గోడమీద రాసి ముప్పై ఏళ్లయినట్టు ఉంటుంది.

ప్లాస్టిక్ బజారు

చేయి తిరగని వారికి బజారు అందించింది ప్లాస్టిక్. ఫిలడెల్ఫియాలోని బాక్‌మన్ బ్రదర్స్ 1940ల చివర ప్లాస్టిక్‌విల్ పేరుతో, జిగురు లేకుండా బిగించే భవనాలు తెచ్చింది. హార్డ్‌వేర్ షాపు, మందుల దుకాణం, సూపర్‌మార్కెట్ అందులో ఉన్నాయి. క్రిస్మస్ చెట్టు కింద రైలు పరిచే ఇళ్లలో ఇవి తప్పనిసరి అయ్యాయి. జర్మనీ బ్లాక్ ఫారెస్ట్‌లోని గ్యూటెన్‌బాక్‌లో ఫాలర్ సోదరులు 1946లో పెట్టిన సంస్థ ప్లాస్టిక్ కిట్లతో ఐరోపా అంతా వ్యాపించింది. బ్రిటన్‌లో ఎయిర్‌ఫిక్స్ చౌక కిట్లలో దుకాణం, దానిపై నివాసం ఉన్న ఇల్లు ఒకటి. అచ్చు అట్ట కిట్లకు అక్కడే సూపర్‌క్విక్, తర్వాత మెట్‌కాఫ్ పేరుపడ్డాయి.

చిక్కు ఒక్కటే, అన్ని లేఅవుట్లలోనూ అదే కొట్టు కనిపించడం. దానికి విరుగుడుగా కిట్లను కోసి కలిపి కొత్త భవనం పుట్టించే పని అమెరికాలో ఒక కళగా ఎదిగింది. రచయిత ఆర్ట్ కరెన్ వ్యాసాలు దానికి పాఠాలు. డిజైన్ ప్రిజర్వేషన్ మోడల్స్ సంస్థ అయితే ఇటుక ముఖభాగాలను విడి గోడలుగా అమ్మి, కలుపుకోవడాన్ని కొనేవారికే వదిలింది.

జపాన్‌లో ఇరుకు ఇళ్ల వల్ల ఎన్ కొలతే రాజ్యమేలింది. గ్రీన్‌మాక్స్ రంగు వేయని కిట్లు, టోమిటెక్ రంగులు వేసిన సిద్ధ భవనాలు తయారు చేస్తాయి. 1923 కాంటో భూకంపం తర్వాత టోక్యోలో కర్ర ఇళ్లకు ముందువైపు రాగి రేకు లేదా గచ్చుతో ఎత్తైన ముఖం పెట్టి కట్టిన దుకాణాలు అక్కడి బుల్లి వీధులకు ప్రత్యేకమైన అందం.

ఇటీవలి కాలం

1990ల నుంచి లేజర్‌తో కోసిన పలచటి చెక్క, తర్వాత త్రీడీ ప్రింటింగ్ కిటికీ చట్రాలను, తలుపు పిడులను సులువు చేశాయి. ఎల్‌ఈడీ దీపాలు వేడెక్కవు కాబట్టి అట్ట గోడల లోపల కూడా నిర్భయంగా వెలిగించవచ్చు. అయితే దీపం పెడితే లోపల ఖాళీ బయటపడుతుంది. అందుకే అరలు, సీసాలు, గల్లా పెట్టె కూడా చేయాల్సి వస్తోంది. 2001లో హాంబర్గ్‌లో తెరిచిన మినియాటూర్ వుండర్‌లాండ్‌లో పగలూ రాత్రీ పదిహేను నిమిషాలకొకసారి మారుతుంటే ఈ పనితనం స్పష్టంగా చూడవచ్చు.

ఏ వీధిలో ఏ కొట్టు ఉండేదో తెలుసుకునే పరిశోధనకు బ్రిటన్‌లో కెల్లీ డైరెక్టరీలు ఆధారం, వాటిలో వీధివారీగా వర్తకుల పేర్లున్నాయి. అమెరికాలో ఆ స్థానం శాన్‌బోర్న్ కంపెనీ అగ్నిప్రమాద బీమా పటాలది. ఎక్కువ పటాల్లో అంగుళానికి 50 అడుగులు. గులాబీ రంగు ఇటుకకు, పసుపు కర్రకు, నీలం రాతికి గుర్తు. దుకాణానికి ఎస్, నివాసానికి డి అక్షరం. అవి ఇప్పుడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో డిజిటల్ రూపంలో ఉన్నాయి. ఒకే ఊరి వేర్వేరు ఏళ్ల పటాలు పక్కపక్కన పెట్టుకుంటే, తాను ఎంచుకున్న సంవత్సరంలో మూలమీది కొట్టు కర్రదో ఇటుకదో, అప్పటికి ఎన్ని అంతస్తులు లేచాయో చూసుకుని గోడ కోయవచ్చు.