మగ్గం ఇంట్లో నిప్పు చరిత్ర: చమురు బుడ్డి నుంచి మీటరు బోర్డు దాకా

సంచికలో మన చరిత్ర రాయమని కమిటీవాళ్లు అడిగినరు. వలసల చరిత్ర, మిల్లుల చరిత్ర పెద్దలు చాలామంది రాసినరు. నేను ఇంకొక చరిత్ర రాస్తున్న. అది మన ఇళ్లల్లో నిప్పు చరిత్ర.

మన తాత ముత్తాతలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి బతుకుదెరువు కోసం షోలాపూర్ వచ్చినరు. ఇక్కడ మొదటి నూలు మిల్లు 1877లో నడిచింది. మనం జునీ మిల్లు అనేది అదే. కొందరు మిల్లుకు పోయినరు, కొందరు ఇంట్లనే మగ్గం వేసుకున్నరు. రైతుకు ఇల్లు వేరు, పొలం వేరు. సాలె ఇంటికి ఆ తేడా లేదు. వంట, పండుడు, నేత, నూలు మూటలు అన్నీ ఒకే కప్పు కింద. ఇల్లు కాలితే కొంప, మగ్గం, బీము, సంఘం ఇచ్చిన నూలు అన్నీ ఒక్కసారి పోతయి. బాకీ ఒక్కటే మిగులుతది. అందుకే నిప్పు మాట మనకు మిగతావాళ్లకంటె ఎక్కువ అవసరం.

మొదటి కాలం చమురు బుడ్డిది. రాత్రి కండెలు చుట్టాలన్నా, తెల్లవారకముందు గుంటలో కూర్చోవాలన్నా బుడ్డే దిక్కు. పడుగు పక్కన బుడ్డి పెడితే, గాలికి ఒక్క పోగు ఎగిరి పడ్డా చాలు. పైన గడ్డి కప్పు ఉంటే వాడ మొత్తానికి భయమే. తర్వాత గ్లాసు చిమ్నీ ఉన్న లాంతరు వచ్చింది, మంట గాజు లోపల ఉండె కనుక కొంత నయమైంది. ఆ వెనుక గ్యాస్నూనె స్టవ్వులు వచ్చినయి. మండుతున్న స్టవ్వులో నూనె పోసుడు వల్ల కాలిన ఇళ్లు ఎన్నో.

రెండోది రంగుల పని. వ్యాట్ రంగు అద్దాలంటే కాస్టిక్ సోడా, హైడ్రోస్ రెండూ కావాలె. ఈ హైడ్రోస్ పొడికి అగ్గిపుల్ల అక్కర లేదు. కొద్దిగా తేమ తగిలితే తనంతట తానే వేడెక్కి అంటుకుంటది. దాని పొగ గొంతు పట్టేస్తది. వానకాలం మూత సరిగ్గ పెట్టని డబ్బా ఇంట్లో ఉంచుడు అంటే నిప్పును పక్కన పెట్టుకుని పండినట్టే. డబ్బా మూత గట్టిగ ఉండాలె, జాగ పొడిగ ఉండాలె, తడి చెంచా పెట్టొద్దు.

మూడోది కరెంటు కాలం. స్వాతంత్య్రం వచ్చినంక మెల్లమెల్లగా చేతిమగ్గాలు తగ్గి పవర్‌లూములు వచ్చినయి. మంట కనబడకుండ పోయింది కనుక భయం కూడా పోయింది. అసలు చిక్కు ఇక్కడ మొదలైంది. రెండు బల్బుల కోసం వేసిన తీగ మీద మోటారు, ఫ్రిజ్జు, మిక్సీ అన్నీ నడిపిస్తున్నం. ఫ్యూజు మాటిమాటికి పోతుందని దాని జాగలో లావు రాగి తీగ చుడుతున్నరు. ఫ్యూజు తీగ పని ఏంది? బరువు ఎక్కువైతే ముందు తాను కరిగి కరెంటు ఆపుడు. అది కరగకపోతే గోడలోని తీగ కాగుతది. వదులైన జాయింటు దగ్గర రవ్వలు లేస్తయి. కింద నూలు పొట్టు పేరుకుని ఉంటది. ఇంకేం కావాలె?

నాలుగోది గ్యాసు. ఈ గ్యాసు గాలికంటె బరువు, లీకైతే పైకి పోదు, నేల మీద పాకుతది. మన గుంటమగ్గం ఇళ్లల్లో అది పోయి గుంటలో నిలుస్తది. తలుపు తెరిచినా గుంటలోది తొందరగ పోదు. వాసన వస్తే స్విచ్చు వెయ్యొద్దు, వేసింది ఆర్పొద్దు. రెగ్యులేటరు బందు చేసి, తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోను చెయ్యాలె. రబ్బరు పైపు అయిదేండ్లకు ఒకసారి మార్చాలె, పగుళ్లు కనబడితే ఇంకా ముందే.

ఇదంతా పాత ముచ్చట అనుకోవద్దు. 2025 మే 18, ఆదివారం తెల్లవారుజామున మన షోలాపూర్‌లోనే అక్కల్‌కోట రోడ్డు ఎంఐడీసీలో ఒక తువ్వాళ్ల కార్ఖానా కాలింది. ఎనిమిది మంది పోయినరు. యజమాని కుటుంబం, పనివాళ్లు ఆ కట్టడంలోనే ఉండేవారు. ఏడాదిన్నర పసివాడు కూడా పోయిండు. అదే రోజు పొద్దున హైదరాబాదులో చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో 17 మంది పోయినరు. అక్కడ లోపలికి పోయే దారి ఇరుకు. రెండు చోట్లా పని జాగ, పండే జాగ ఒక్కటే. మన ఇళ్లు కూడా అట్లనే ఉన్నయి.

నిప్పుకంటె ముందు పొగ చంపుతది. అందుకని రాత్రి షట్టరుకు బయట తాళం వెయ్యొద్దు. మెట్ల మీద, గుమ్మం దగ్గర మూటలు పెట్టొద్దు. కిటికీ జాలీ ఒకటన్నా లోపలి నుంచి తెరుచుకునేట్టు చేయించాలె. పొగ కమ్మితే వంగి, నేలకు దగ్గరగా నడవాలె. మెయిన్ స్విచ్చు ఎక్కడుందో ఇంట్లో పిల్లలకు కూడా తెలవాలె. అది ఆపకుండ తీగల మీద నీళ్లు పోయొద్దు. నూలు మూట పైన మంట ఆరినా లోపల రగులుతనే ఉంటది, బయటికి లాగి విప్పి తడపాలె. ఫైరు బండికి 101, లేకుంటే 112.

ఖర్చు గురించి ఒక మాట. ఫ్యూజు కట్ట తీసి ఎంసీబీ పెట్టించుకునుడు ఒక చీరె కూలికంటె పెద్ద భారం కాదు. వారానికొకసారి మోటారు మీద, బోర్డు కింద పొట్టు ఊడ్చుడుకు పైసా ఖర్చు లేదు. ఇల్లు కాలేటప్పుడు బాయి తవ్వినట్టు కావొద్దు. మన పెద్దలు చమురు బుడ్డిని ఆర్పినంకనే కన్ను మూసేవారు. మనం మెయిన్ స్విచ్చు, రెగ్యులేటరు చూసుకుని పడుకుందాం.