ఇద్దరి ప్రేమ, మూడో మనిషి చూపు: 1980ల ఐరోపా, తెలుగు చిత్రాల్లో సాక్షి పాత్ర

కర్ణాటకలోని తుమకూరు జిల్లా, పావగడ తాలూకాలో వల్లూరు ఉంది. ఈ పేరు ఈమధ్య బయట వినబడుతున్నది సౌర విద్యుత్తు వల్ల. తిరుమణి, బలసముద్ర, క్యాతగానచెర్లు, రాయచెర్లు ఊళ్ళతో పాటు వల్లూరు భూముల్లోనూ పరుచుకున్న పార్కు సామర్థ్యం 2,050 మెగావాట్లు. తాలూకాకు చాలా వైపులా ఆంధ్ర పొలిమేరే. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. ఇలాంటి ఊళ్ళో ప్రేమ సంగతి బయటపడితే ఇంట్లోవాళ్ళ నోట మొదట వచ్చే ప్రశ్న పిల్లవాడు ఎవరన్నది కాదు. 'నలుగురు ఏమనుకుంటారు?' అన్నది.

ఈ వ్యాసం ఆ 'నలుగురి' గురించి. 1980ల్లో ఐరోపాలో వచ్చిన కొన్ని ప్రేమ చిత్రాలను, అదే దశాబ్దపు తెలుగు చిత్రాలను పక్కపక్కన పెట్టి ఒక్క విషయమే అడుగుతున్నాను: ఇద్దరి మధ్య ప్రేమను చూస్తున్న మూడో మనిషి ఎవరు, ఆ మనిషి ఏం చేస్తారు?

పరిధి

తీసుకున్నవి ఏడు చిత్రాలు. ఐరోపా నుంచి నాలుగు: వ్లాదిమిర్ మెన్షోవ్ తీసిన 'మాస్కో కన్నీళ్ళను నమ్మదు' (1980), ఫ్రాన్స్వా త్రూఫో 'పక్కింటావిడ' (1981), విమ్ వెండర్స్ 'బెర్లిన్ మీది ఆకాశం' (1987), క్రిష్టోఫ్ కీస్లోవ్‌స్కీ 'ప్రేమ గురించి ఓ చిన్న సినిమా' (1988). తెలుగు నుంచి మూడు: దాసరి నారాయణరావు 'మేఘసందేశం' (1982), కె. విశ్వనాథ్ 'సాగర సంగమం' (1983), 'స్వాతిముత్యం' (1986). విదేశీ చిత్రాల పేర్లకు ఇక్కడ వాడినవి అర్థాన్ని బట్టి పెట్టిన తెలుగు పేర్లు.

ఏడు చిత్రాలతో రెండు సినిమా లోకాల గురించి తీర్పు చెప్పడం కుదరదు. ఎరిక్ రోమేర్ 1981 నుంచి 1987 దాకా ఒక్కో సామెతను తలమీద పెట్టుకుని తీసిన ఆరు చిత్రాలు, బెర్గ్‌మన్ 'ఫానీ అండ్ అలెగ్జాండర్' (1982), మణిరత్నం 'గీతాంజలి' (1989) ఈ లెక్కలోకి వస్తే ఫలితం కొంత మారవచ్చు. అందుకే ఇక్కడ తేలేది పరీక్షకు నిలబెట్టదగిన ఒక ఊహ వరకే.

మరో జాగ్రత్త. పోలిక వేరు, ప్రభావం వేరు. ఐరోపా చిత్రాలు ఇక్కడికి చేరే దారులు ఆనాడు లేకపోలేదు. ఫిల్మ్ సొసైటీలు ఉన్నాయి. ఫిల్మోత్సవ్ 1980లో బెంగళూరులో, 1986లో హైదరాబాదులో జరిగింది. కానీ దారి ఉన్నంత మాత్రాన ప్రయాణం జరిగినట్టు కాదు. 'పక్కింటావిడ' వచ్చిన మరుసటి ఏడే 'మేఘసందేశం' వచ్చిందని, రెంటిలోనూ పెళ్ళైన మగవాడు మరో స్త్రీ వైపు మొగ్గాడని, ఒకదాన్ని చూసి మరొకటి తీశారనడం తొందరపాటు. పెళ్ళికి బయటి ప్రేమ అనే కథావస్తువు ఎవరి సొంతమూ కాదు.

చూసి ఊరుకునే సాక్షి

'పక్కింటావిడ' కథ గ్రెనోబుల్ దగ్గరి ఒక పల్లెలో నడుస్తుంది. భార్యాబిడ్డలతో ఉంటున్న బెర్నార్ పక్కింట్లోకి ఒక జంట దిగుతుంది. ఆ ఇల్లాలు మతిల్ద్ ఒకప్పుడు అతని ప్రియురాలు. పాత నిప్పు మళ్ళీ రాజుకుంటుంది. చివరికి ఆమె అతన్ని కాల్చి, తనూ కాల్చుకుంటుంది. ఈ కథను మనకు చెప్పేది ఆ ఇద్దరూ కాదు, వాళ్ళ ఇంటివాళ్ళూ కాదు. ఊళ్ళో టెన్నిస్ క్లబ్బు నడిపే మదామ్ జూవ్. ఏళ్ళ కిందట ప్రేమ కోసం కిటికీలోంచి దూకి కాలు దెబ్బతిన్న మనిషి. నాటి ప్రియుడు చూడ్డానికి వస్తున్నాడని తెలిస్తే అతని కంటబడకుండా ఊరు వదిలి వెళ్తుంది.

జూవ్ గారికి అంతా తెలుసు. తన ఒంటి మీదే దానికి గుర్తు ఉంది. అయినా ఆ ఇద్దరికీ అడ్డం వెళ్ళదు. తీర్పు చెప్పదు. ఆమె కుంటి నడకే ప్రేక్షకుడికి ముందస్తు హెచ్చరిక. ఆ హెచ్చరికను చదవాల్సిన ఇద్దరూ మాత్రం చదవరు.

వెండర్స్ చిత్రంలో ఇది మరో కొసకు వెళ్తుంది. అక్కడ సాక్షి దేవదూత. బెర్లిన్ జనం మనసులో మాటలు వింటూ తిరుగుతాడు కానీ దేన్నీ తాకలేడు, మార్చలేడు. సర్కస్‌లో ఊయల మీద విన్యాసాలు చేసే అమ్మాయిని ప్రేమించాక, అంతులేని ఆ చూపును వదులుకుని మనిషి అవుతాడు. చూస్తూ ఉండడం, ప్రేమించడం రెండూ ఒకేసారి కుదరవని ఈ చిత్రం చెబుతున్నట్టు ఉంది.

టెలిస్కోపు, మనియార్డరు

ఈ ప్రశ్నను అన్నిటికన్నా దగ్గరగా పట్టుకున్నది కీస్లోవ్‌స్కీ. వార్సాలో ఒక అపార్టుమెంటు సముదాయం. పందొమ్మిదేళ్ళ తోమెక్ పోస్టాఫీసులో గుమాస్తా. ఎదుటి బ్లాకులో ఉండే మగ్దాను రాత్రిళ్ళు టెలిస్కోపుతో చూస్తుంటాడు. ఆమెను దగ్గరగా చూడ్డానికి అతను పన్నిన ఉపాయం మన పల్లెల్లో ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది: మీకు మనియార్డరు వచ్చిందని దొంగ చీటీ పంపుతాడు. ఆమె పోస్టాఫీసుకు వస్తుంది, డబ్బు ఉండదు. కిటికీకి అవతల నిలబడి విసుక్కుంటుంది. ఇవతల కూర్చున్న తోమెక్‌కు కావలసింది ఆ రెండు నిమిషాలే. అది చాలక ఆమె ఇంటికి పాలు వేసే పనికి కూడా కుదురుతాడు.

దూరదేశంలో ఉన్న కొడుకు గదిని తోమెక్‌కు అద్దెకిచ్చిన పెద్దావిడ ఇక్కడ మూడో మనిషి. తోమెక్ మగ్దాను చూస్తుంటే, ఈమె తోమెక్‌ను గమనిస్తుంటుంది. ఎదురుదెబ్బ తిని అతను చెయ్యి కోసుకుని ఆసుపత్రి పాలయ్యాక, వెతుక్కుంటూ వచ్చిన మగ్దాను అతనికి దూరంగా ఉంచాలని చూస్తుంది. బయటి మనిషే, అయినా తల్లిలా హక్కు తీసుకుంటుంది.

ఇక్కడ మనకు మంచి ఆధారం ఒకటి దొరుకుతుంది. ఈ కథ రెండు రూపాల్లో ఉంది. పది భాగాల 'డెకలాగ్' టీవీ వరుసలో ఆరో భాగంగా ఒకటి, థియేటర్ల కోసం పొడిగించినది మరొకటి. పాత్రలు అవే, ముగింపులు వేరు. టీవీ రూపంలో తోమెక్ ఇక నిన్ను చూడ్డం మానేశానంటాడు, కథ అక్కడ తెగుతుంది. సినిమా రూపంలో మగ్దా అతని గదికి వచ్చి అదే టెలిస్కోపుకు కన్ను ఆనిస్తుంది. ఒంటరిగా ఏడ్చిన తన పాత రాత్రి ఒకటి ఆమెకు కనిపిస్తుంది, పక్కన ఓదారుస్తూ తోమెక్ ఉన్నట్టు ఊహించుకుంటుంది. చూపు చేతులు మారింది, కథ అర్థం మారింది. సాక్షి ఎక్కడ నిలబడ్డాడన్నది అలంకారం కాదు, కథకు ఆయువుపట్టు అనడానికి ఇంతకన్నా శుభ్రమైన ఉదాహరణ ఈ ఏడింటిలో లేదు.

కలగజేసుకునే సాక్షి

తెలుగు చిత్రాల్లోకి వచ్చేసరికి మూడో మనిషి కిటికీ అవతల ఉండడు, ఇంట్లోనే ఉంటాడు. 'మేఘసందేశం'లో కవి రవీంద్రబాబుకు, నర్తకి పద్మకు మధ్య పుట్టిన బంధానికి మొదటి సాక్షి భార్య పార్వతి. 'పక్కింటావిడ'లో అటు భార్యకు, ఇటు భర్తకు సంగతి తెలిసేది ఆలస్యంగా, ఒక విందులో బెర్నార్ అందరి ముందూ చెయ్యి చేసుకున్నప్పుడు. ఇక్కడ మాత్రం తెలియడం అనేది కథ చివర పేలే రహస్యం కాదు, కథ నడిచేదే తెలిసిన మనిషి బాధ మీద.

'స్వాతిముత్యం' ఇంకా ముందుకు వెళ్తుంది. సీతారాముల కల్యాణం జరుగుతుంటే, అమాయకుడైన శివయ్య ఆ మంగళసూత్రం తీసి బిడ్డతల్లి అయిన వితంతువు లలిత మెడలో కడతాడు. ఊరంతా చూస్తుండగా. ఆ చోటే అసలు విషయం. ఎవరూ లేని చోట కట్టి ఉంటే అది ఇద్దరి వ్యవహారంగా ఉండిపోయేది. నలుగురి ముందు కట్టాడు కనుక ఊరికి దాని మీద మాట వచ్చింది, కాదనే హక్కూ వచ్చింది, కాదనలేని ఇరకాటమూ వచ్చింది. ఆ ఏడు ఆస్కార్ పోటీకి భారతదేశం పంపిన చిత్రం ఇదే. ఆ కల్యాణ మంటపం బరువు ఆస్కార్ కమిటీ సభ్యులకు ఎంతవరకు అంది ఉంటుందన్నది వేరే చర్చ.

ఎదురు సాక్ష్యం

ఇంతవరకు చదివినవారు ఒక సుళువైన సూత్రం దగ్గరికి రావచ్చు: ఐరోపాలో సాక్షి బయటివాడు, చూసి ఊరుకుంటాడు; మన దగ్గర ఇంటివాడు, కలగజేసుకుంటాడు. ఈ సూత్రం రెండు చోట్ల విరుగుతుంది.

మొదటిది మాస్కో. మెన్షోవ్ చిత్రంలో ముగ్గురు అమ్మాయిలు కార్మికుల హాస్టల్లో కలిసి ఉంటారు. మోసపోయి, ఒంటరిగా కూతుర్ని పెంచి, ఫ్యాక్టరీ డైరెక్టరైన కాత్యకు నలభై ఏళ్ళప్పుడు గోషా దొరుకుతాడు. అతను అలిగి మాయమైతే, స్నేహితురాలి భర్త నికొలాయ్ ఊరంతా గాలించి, కూర్చోబెట్టి తాగించి, తనూ తాగి, పట్టుకొస్తాడు. రక్తసంబంధం లేదు, అయినా బావగారి పెత్తనమే. విదేశీ చిత్రాల ఆస్కార్ అందుకున్న ఈ సినిమాలోని ఆ ఘట్టం తెలుగులో తీసినా ఒక్క మాట మార్చనక్కర్లేదు.

రెండోది 'సాగర సంగమం'. ఇందులో ముఖ్య సాక్షి కథానాయకుడు బాలు స్నేహితుడు రఘు. బాలుకు మాధవి మీద ఉన్న ప్రేమ, ఆమెకు ముందే పెళ్ళైందన్న సంగతి, భర్తతో ఆమెను బాలే కలిపి పంపడం, ఆ తర్వాత తాగుడు, అన్నీ అతని కళ్ళ ముందే. సాయం చేస్తాడు, కోప్పడతాడు, కానీ ఆ ప్రేమకు తీర్పరిగా మారడు. జూవ్ గారి మౌనం ఇతనిలోనూ ఉంది.

ఈ చిత్రంలోని ఒక ఘట్టాన్ని దగ్గరగా చూడాలి. ఏళ్ళ తర్వాత మాధవి తిరిగి వస్తుంది. అప్పటికే భర్త లేడు. ఆ సంగతి బాలుకు తెలియకూడదని బొట్టు పెట్టుకుని ఎదుటికి వస్తుంది. వాన. తాగి ఉన్న బాలు ఆమె నుదుటి బొట్టు కరిగిపోతుందేమోనని చెయ్యి అడ్డం పెడతాడు. ఆమెకు తెలిసింది అతనికి తెలియదు, ప్రేక్షకుడికి ఇద్దరిదీ తెలుసు. అంటే ఆ క్షణంలో మూడో మనిషి తెర మీద లేడు, హాల్లో కూర్చున్నాడు. అబద్ధాన్ని కాపాడుతున్న ఆ అరచెయ్యి ముందు అతను చేయగలిగింది ఏమీ లేదు. వెండర్స్ దేవదూత పరిస్థితే అతనిది.

తేలినది

కాబట్టి తేడా పటంలో లేదు. మదామ్ జూవ్, రఘు ఒక జాతి. నికొలాయ్, 'స్వాతిముత్యం' ఊరిజనం మరో జాతి. గీత పడేది ఒక ప్రశ్న దగ్గర: ఎదుటివాళ్ళ ప్రేమను చూసినంత మాత్రాన చూసినవాడికి దాని మీద హక్కు వస్తుందా? జూవ్ రాదంటుంది. వార్సా పెద్దావిడ వస్తుందనుకుని పొరబడుతుంది. శివయ్య ఊరు వస్తుందనే గట్టిగా నమ్ముతుంది. చూసిన మూడు తెలుగు చిత్రాల్లో రెండు ఈ హక్కును ఉన్నదిగానే తీసుకుని దాంతో పెనుగులాడతాయి. నాలుగు ఐరోపా చిత్రాల్లో రెండు దాన్ని పక్కన పెట్టి మొదలవుతాయి. మొగ్గు ఉంది, గోడ లేదు.

వల్లూరు లాంటి ఊళ్ళో ఆ హక్కుకు ఉన్న పేరే 'నలుగురు'. ఈ మాటను మనం ఎక్కువగా భయపెట్టడానికే వాడతాం. కానీ పోయినప్పుడు మోయడానికి నలుగురుండాలి అన్నప్పుడు కూడా మాట అదే. 'సాగర సంగమం' చివర మాధవి కూతురు శైలజ నాట్యం చూస్తూనే బాలు ప్రాణం వదులుతాడు. హాల్లో ఎవరికీ తెలియకుండా, ఆట ఆగకుండా, చక్రాల కుర్చీని మెల్లగా బయటికి తోసుకుపోయేది రఘు. కథ పొడుగునా చూస్తూ వచ్చిన మనిషి అక్కడ మోసేవాడయ్యాడు.