ఈ ప్యాచ్ ఎవరికి పంపాలి?

వాడని వేరియబుల్‌ను తీసేయడం, కామెంటులో అక్షరదోషం దిద్దడం, నాలుగుచోట్ల ఒకేలా ఉన్న కోడ్‌ను ఒక్క ఫంక్షన్‌లోకి తేవడం. లైనక్స్ కెర్నల్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు మొదట పట్టుకునేవి ఇలాంటి శుభ్రం చేసే పనులే. అర్జీ ఎంత చక్కగా రాసినా సరైన గుమాస్తా బల్ల మీదికి చేరకపోతే ఏమవుతుందో, ఒకప్పుడు ఇలాంటి మార్పులు మోసుకెళ్లే ప్యాచ్‌లలో చాలావాటికి అదే అయ్యేది. బాగాలేదని తిప్పిపంపినా కొంత నయం. అసలు జవాబే వచ్చేది కాదు.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ హెల్సింకీలో లైనక్స్ పని మొదలుపెట్టినప్పుడు ఈ చిక్కు లేదు. ఏదైనా ఆయనకే పంపేవారు. డ్రైవర్లూ ఫైల్ సిస్టమ్‌లూ పెరిగాక, ఏ భాగాన్ని ఎవరు చూసుకుంటున్నారో రాసిపెట్టే 'మెయింటెయినర్స్' అనే ఫైలు కోడ్‌తోపాటే చేరింది. అయితే అది మనుషులు చదువుకోవడానికి రాసింది. ఫలానా కార్డు డ్రైవర్, ఫలానా వ్యక్తి, ఈమెయిలు అని ఉండేది కానీ, ఆ డ్రైవర్ కోడ్ ఏ ఫైళ్లలో ఉందో ఉండేది కాదు. 2002 నాటికి టోర్వాల్డ్స్ దగ్గర ప్యాచ్‌లు జారిపోతున్నాయని పెద్ద చర్చే నడిచింది. చిన్నచిన్న దిద్దుబాట్లను పోగుచేసి పైకి చేరవేసే పనిని కెర్నల్ డెవలపర్ రస్టీ రస్సెల్ కొన్నాళ్లు నెత్తినేసుకున్నారు.

2007లో మరో డెవలపర్ జో పెర్చెస్‌కు తోచిన ఉపాయం చాలా సాదాది. ప్రతి ఎంట్రీకీ 'ఎఫ్' అనే అక్షరంతో మొదలయ్యే వరుస చేర్చి, ఆ మనిషి చూసుకునే ఫైళ్ల దారి రాస్తే చాలు, మిగతాది స్క్రిప్టు చూసుకుంటుంది. ప్యాచ్‌ల తీరుతెన్నులు సరిచూసే చెక్‌ప్యాచ్ అనే పెర్ల్ స్క్రిప్టు అప్పటికే ఉంది. దాన్నుంచే 'గెట్ మెయింటెయినర్' పుట్టిందని ఆ ఫైలు తలకట్టులోనే రాసుంది. కానీ వరుసలు ఎవరు రాయాలి? ఆయనే కూర్చుని రాసి, ఆ ఆగస్టులో వందలకొద్దీ ప్యాచ్‌లుగా పంపారు. మొత్తం ఎన్నో చెప్పాల్సిన చోట 'టూ మెనీ' అని పెట్టారు. ఇన్‌బాక్సులు నిండి చిరాకుపడినవాళ్లున్నారు. చివరికి ఆ వరుసలూ స్క్రిప్టూ కెర్నల్‌లోకి వచ్చింది 2009లో, 2.6.30 విడుదలతో.

ప్యాచ్ ఇస్తే, అది ముట్టుకున్న ఫైళ్ల పేర్లు ఏరి, ఎవరి వరుసకు సరిపోతాయో స్క్రిప్టు చూస్తుంది. జాబితా చిట్టచివర 'ది రెస్ట్' అనే ఎంట్రీ ఉంది. అన్ని ఫైళ్లకూ సరిపోయే ఆ ఎంట్రీలో ఉన్న పేరు టోర్వాల్డ్స్‌దే. కాబట్టి చిరునామా లేని ఫైలంటూ మిగలదు.

ఫైలుకు 'ది రెస్ట్' కాకుండా సొంత మెయింటెయినర్ ఎవరూ దొరకనప్పుడు స్క్రిప్టు, మార్పుల రికార్డు ఉంచే గిట్ చరిత్రను తవ్వుతుంది. గడిచిన ఏడాదిలో ఆ ఫైలు మార్పులపై ఎవరెవరు సంతకం చేశారో లెక్కపెడుతుంది. శుభ్రం చేసేవాళ్లకు అసలు తిరకాసు ఇక్కడే. పరిశోధకురాలు జూలియా లావల్ బృందం తయారుచేసిన కాక్సినెల్ పరికరంతో ఒక్క నియమం రాసి వందల ఫైళ్లు మార్చవచ్చు. అలా మార్చినవాళ్ల పేర్లు వాళ్లకు లోతుగా తెలియని డ్రైవర్ల చరిత్రలోకీ చేరతాయి. అప్పుడు ఒక శుభ్రం ప్యాచ్‌ను పరిశీలించమని, అంతకుముందు అక్కడ అక్షరదోషం దిద్దిన మనిషికి ఉత్తరం వెళ్తుంది! అందుకే స్క్రిప్టు ప్రతి పేరు పక్కనా మెయింటెయినరో, సంతకం మాత్రమే చేసినవారో, ఎంత శాతమో చూపుతుంది. ఈ లెక్కలో తమను పట్టుకోవద్దనేవారి కోసం విడిగా ఒక మినహాయింపు ఫైలు వచ్చింది. 2014లో, బాధ్యత మోయకపోయినా ప్యాచ్‌లు చూసిపెడతాం అనేవారి కోసం 'ఆర్' అనే వరుసా చేరింది. నా మటుకు, చరిత్ర తేల్చిన పది పేర్లకన్నా ఇది నేను చూస్తానని ఒప్పుకుని రాయించుకున్న ఒక్క పేరు విలువైనది. శుభ్రం ప్యాచ్ ముందు అక్కడికే వెళ్లాలి.

ఆ పేర్లు పాతబడకుండా చూసే పని ఇప్పుడు కొంత చెక్‌ప్యాచ్‌దే. ఎవరైనా కొత్త ఫైలు చేర్చినా, ఉన్నది జరిపినా, తీసేసినా, మెయింటెయినర్స్ ఫైలు కూడా మార్చాలేమో చూసుకోమని అది అడుగుతుంది.